ఇల్లు అమ్మేముందు ఏ సర్టిఫికెట్లు కావాలి? దక్షిణాఫ్రికా పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

దక్షిణాఫ్రికా నుంచి ఈమధ్య వచ్చిన ఉత్తరాల్లో చాలా వాటిది ఒకటే గోడు: ఇంటికి బేరం కుదిరింది, ధర తేలింది, తీరా రిజిస్ట్రేషన్ దగ్గరకొచ్చేసరికి భద్రతా సర్టిఫికెట్ల దగ్గర బండి ఆగింది. జోహన్నెస్‌బర్గ్, ప్రిటోరియా వైపు ఉద్యోగాలకు వెళ్ళి ఇళ్ళు కొనుక్కున్నవాళ్ళు రాశారు. డర్బన్‌లో తరాలుగా స్థిరపడిన తెలుగు కుటుంబంలోకి కోడలిగా వెళ్ళిన ఒకావిడ కూడా రాశారు. మన దగ్గర ఇల్లు అమ్మితే లింకు డాక్యుమెంట్లు, ఈసీ, పన్ను రసీదులు చూస్తారే తప్ప మెయిన్ బోర్డు మూత విప్పి చూడరు. అక్కడ విప్పుతారు. విప్పాక బయటపడేదాన్ని బట్టి అమ్మకం ముందుకు సాగుతుంది, లేదా ఆగుతుంది.

ప్రశ్న: మిడ్రాండ్‌లోని మా టౌన్‌హౌస్ అమ్మకానికి పెట్టాం. నాలుగేళ్ళ కిందట కొన్నప్పుడు ఇచ్చిన ఎలక్ట్రికల్ సీఓసీ, అంటే ఇంటి వైరింగు నిబంధనల ప్రకారం ఉందని చెప్పే సర్టిఫికెట్, భద్రంగా ఉంది. మధ్యలో కరెంటు కోతలు భరించలేక ఇన్వర్టర్, బ్యాటరీ, పైన 8 సోలార్ ప్యానెళ్ళు పెట్టించాం. పాత సర్టిఫికెట్ చాలని ఏజెంటు అంటున్నాడు. లాయరు చాలదంటున్నారు. ఎవరి మాట నమ్మాలి?

జవాబు: లాయరు మాట. మీ పాత సర్టిఫికెట్ రెండు విధాలా చెల్లదు.

మొదటిది వయసు. 2009 నాటి ఎలక్ట్రికల్ ఇన్‌స్టలేషన్ రెగ్యులేషన్స్ ప్రకారం ఇల్లు చేతులు మారేనాటికి సీఓసీ రెండేళ్ళకు మించి పాతదై ఉండకూడదు. చేతులు మారే రోజంటే మీరు కొనుగోలుదారుతో ఒప్పందం మీద సంతకం పెట్టిన రోజు కాదు, డీడ్స్ ఆఫీసులో యాజమాన్యం నమోదైన రోజు. రెండింటికీ మధ్య నెలలు గడిచిపోతాయి. ఇరవై మూడో నెలలో ఉన్న కాగితం చూసుకుని ధైర్యంగా కూర్చున్నవాళ్ళు ఇక్కడే ఇరుక్కుంటారు.

రెండోది మార్పు. సర్టిఫికెట్ తీసుకున్నాక వైరింగులో ఏం చేర్చినా, ఏం మార్చినా ఆ భాగానికి అనుబంధ సీఓసీ ఉండాలి. నిన్నగాక మొన్న తీసుకున్న కాగితమైనా సరే, తర్వాత ఒక్క కొత్త ప్లగ్ పాయింట్ లాగించారంటే దానికి ఇది వర్తిస్తుంది. ఇన్వర్టర్ బిగించినవాళ్ళు పని పూర్తయిన రోజే మీకు ఆ కాగితం, దానితో టెస్ట్ రిపోర్టు ఇచ్చి ఉండాలి. ముందు మీ ఫైల్లో వెతకండి. లేకపోతే బిగించినవాళ్ళనే అడగండి. వాళ్ళు దొరకకపోతే మరో రిజిస్టర్డ్ ఎలక్ట్రీషియన్ మొత్తం విప్పి పరీక్షించాలి. ఆ ఖర్చు ఎక్కువే. ఎందుకంటే వేరొకరు చేసిన పనికి తన పేరు మీద సంతకం పెట్టేవాడు ప్రతి జాయింటూ చూడకుండా పెట్టడు, పెట్టకూడదు కూడా.

అసలు పరీక్షలో ఏం చూస్తారో తెలిస్తే మీరే ముందుగా సగం పని చక్కబెట్టుకోవచ్చు. ఎలక్ట్రీషియన్ మొదట డీబీ, అంటే మెయిన్ బోర్డు, మూత తీస్తాడు. ఏ బ్రేకర్ దేనిదో పేర్లు రాసి ఉన్నాయా, బ్రేకర్ లేని ఖాళీలకు మూతలున్నాయా, తీగ మందానికి తగిన బ్రేకరే ఉందా అని చూస్తాడు. 20 ఆంపియర్ల బ్రేకర్ ఉండాల్సిన 2.5 చదరపు మిల్లీమీటర్ల తీగకు, మాటిమాటికీ ట్రిప్ అవుతోందని ఎవరో 32 బిగించి వెళ్ళిపోతారు. అప్పటినుంచి ట్రిప్ కాదు నిజమే. కానీ ఎక్కువ లోడు పడిన రోజున బ్రేకర్ నిమ్మళంగా ఉంటుంది, గోడలో తీగ కాలుతుంది.

తర్వాత ఎర్త్ లీకేజ్. మన దగ్గర ఆర్‌సీసీబీ అనేదే ఇది, కరెంటు లీకైతే వెంటనే సరఫరా తెంచే పరికరం. 30 మిల్లీఆంపియర్ల రకం ఉండాలి. దాని మీది టెస్ట్ బటన్ నొక్కితే సరిపోదు. మీటరుతో కొద్దికొద్దిగా కరెంటు లీక్ చేస్తూ ఏ అంకె దగ్గర తెగిందో చూసి రిపోర్టులో రాయాలి. ఏళ్ళతరబడి కదలని పరికరం లోపల బిగుసుకుపోతుంది, బటన్‌కు పలికినా అసలు లీకేజీకి ఆలస్యంగా పలుకుతుంది. అందుకే ఇంట్లో ఉన్నన్నాళ్ళు నెలకోసారి ఆ బటన్ నొక్కుతుండమని అందరికీ చెబుతాం. ఆ తర్వాత ఇన్సులేషన్ పరీక్ష: 500 వోల్టుల దగ్గర కనీసం 1 మెగా ఓమ్ రావాలి. ఎర్త్ బాండింగు, అంటే లోహపు భాగాలను తీగతో ఎర్త్‌కు కలపడం, అతుకుల దగ్గర నిరోధం 0.2 ఓమ్ దాటకూడదు. గీజర్‌కు వచ్చిపోయే రాగి గొట్టాలకు ఈ బాండింగ్ లేకపోవడం, గీజర్ పక్కన ఐసొలేటర్ (దానికి వచ్చే కరెంటును పూర్తిగా ఆపే స్విచ్చు) లేకపోవడం, స్టవ్‌కు అదే గదిలో 3 మీటర్ల లోపు ఐసొలేటర్ లేకపోవడం, సీలింగ్ పైన డబ్బా లేకుండా ఇన్సులేషన్ టేపు చుట్టి వదిలేసిన జాయింట్లు... ఫెయిలయ్యే ఇళ్ళలో పదేపదే కనిపించేవి ఇవే.

మీ ఇంట్లో అన్నిటికన్నా జాగ్రత్తగా చూడాల్సింది ఇన్వర్టరే. వీధి కరెంటు ఉన్నప్పుడు న్యూట్రల్‌కూ ఎర్త్‌కూ లంకె బయటి సరఫరా వైపు నుంచి ఉంటుంది. కరెంటు పోయి ఇన్వర్టర్ ఒంటరిగా నడిచేటప్పుడు ఆ లంకె తెగిపోవచ్చు. అప్పుడు ఇన్వర్టర్ వైపు ఒక రిలే ఆ లంకెను మళ్ళీ కలపాలి. అది లేకపోతే బ్యాటరీ మీద నడుస్తున్నంతసేపూ ఎర్త్ లీకేజ్ ఉన్నా లేనట్టే. లైట్లు వెలుగుతాయి, ఫ్రిజ్ నడుస్తుంది, ఎవరికీ అనుమానం రాదు. తడిచేత్తో ఇస్త్రీపెట్టె ముట్టుకున్నవాళ్ళను కాపాడాల్సింది మాత్రం పలకదు. ఇన్ని ఇళ్ళలో ఇన్వర్టర్లు హడావుడిగా ఎక్కించేశారు గనక ఈ ఒక్క విషయం మీ ఎలక్ట్రీషియన్‌ను నోరు తెరిచి అడగండి: మెయిన్ ఆపేసి, ఇన్వర్టర్ మీద నడుస్తుండగా ఎర్త్ లీకేజ్ పరీక్షించావా? రిపోర్టులో రాశావా?

దీనితో పాటు, ఈ ఇంటికి రెండో విద్యుత్ మూలం ఉందని చెప్పే హెచ్చరిక బోర్డు డీబీ మీద ఉండాలి. మెయిన్ ఆపితే ఇల్లంతా నిర్జీవమైందనుకుని చెయ్యి పెట్టే రేపటి మెకానిక్ ప్రాణం ఆ స్టిక్కర్ మీద ఆధారపడి ఉంటుంది. సోలార్ వ్యవస్థను కరెంటు సరఫరా చేసేవాళ్ళ దగ్గర నమోదు చేయించడం వేరే పని, సీఓసీ ఉంటే అది అయిపోయినట్టు కాదు. మిడ్రాండ్‌లో కొన్ని వీధులకు ఎస్కామ్, కొన్నింటికి సిటీ పవర్ ఇస్తుంది. మీ బిల్లు ఎవరి పేరుతో వస్తే వాళ్ళ దగ్గర ఆరా తీయండి.

ప్రశ్న: సెంచూరియన్‌లో ఇల్లు కొని మూడు వారాలైంది. అమ్మినవాళ్ళు ఇచ్చిన సీఓసీ కొత్తదే, తేదీ రెండు నెలల కిందటిది. ఫ్యాను మార్చడానికి వచ్చిన మెకానిక్ సీలింగ్ పైన వైర్లు చూసి, ఈ ఇంటికి సర్టిఫికెట్ ఎలా ఇచ్చారండీ అని నోరెళ్ళబెట్టాడు. ఇప్పుడు మేమేం చేయగలం?

జవాబు: ముందు ఆ కాగితాన్ని పట్టుకుని కూర్చోండి. సీఓసీ ఒక్కటే ఉండి దానితో టెస్ట్ రిపోర్టు లేకపోతే అది చెల్లే సర్టిఫికెట్ కాదు. రిపోర్టు ఉంటే అంకెలు చూడండి. ఇన్సులేషన్, ఎర్త్ లీకేజ్ తెగిన అంకె, షార్ట్ సర్క్యూట్ కరెంటు, ఎర్త్ నిరోధం, ఎన్ని ప్లగ్ పాయింట్లు, ఎన్ని లైటు పాయింట్లు, అన్నీ రాసి ఉండాలి. రిపోర్టులో 14 ప్లగ్ పాయింట్లని ఉండి ఇంట్లో 23 లెక్క తేలితే పరీక్ష ఎంత శ్రద్ధగా జరిగిందో మీకే అర్థమవుతుంది. అంకెల బదులు అన్ని గళ్ళలో టిక్కులే ఉంటే కారు దిగకుండానే రాసిచ్చారని అనుమానించాల్సిందే.

సంతకం పెట్టిన వ్యక్తికి ఎంప్లాయ్‌మెంట్ అండ్ లేబర్ శాఖ దగ్గర నమోదు ఉండాలి. ఆ నమోదులో స్థాయిలున్నాయి. సింగిల్ ఫేజ్ టెస్టర్‌గా నమోదైనవాడు త్రీ ఫేజ్ ఇంటికి ఇచ్చిన సర్టిఫికెట్ చెల్లదు. మీ డీబీలో త్రీ ఫేజ్ ఉంటే ముందు ఇదే చూసుకోండి.

ఆ తర్వాత దారి ఇది. సీలింగ్ పైన కనిపించినవన్నీ తేదీ పడేలా ఫొటోలు తీయండి. ఏదీ బాగు చేయించకండి, సాక్ష్యం పోతుంది. ప్రాణాపాయం ఉన్న సర్క్యూట్ ఏదైనా ఉంటే బ్రేకర్ దించి వదిలేయండి. సర్టిఫికెట్ ఇచ్చిన కాంట్రాక్టర్‌కు రాతపూర్వకంగా తెలియజేసి, వచ్చి తన ఖర్చుతో సరిచేయమని గడువు పెట్టండి. చాలా గొడవలు ఇక్కడే తీరిపోతాయి, నమోదు పోగొట్టుకోవాలని ఎవరికీ ఉండదు. కదలకపోతే, ఇలాంటి తనిఖీలకే గుర్తింపు పొందిన అప్రూవ్డ్ ఇన్‌స్పెక్షన్ అథారిటీ చేత పరీక్ష చేయించి, ఆ నివేదికతో లేబర్ శాఖ ప్రాంతీయ కార్యాలయంలో ఫిర్యాదు చేయండి. కొనుగోలు పత్రంలో ఫూట్‌స్టూట్స్, అంటే ఉన్నది ఉన్నట్టుగా కొన్నారన్న షరతు ఉందని అమ్మినవాళ్ళు వాదించవచ్చు. చట్టం ప్రకారం ఉండి తీరాల్సిన సర్టిఫికెట్ బాధ్యత ఆ షరతుతో మాఫీ కాదు. లోపం తెలిసీ దాచారని తేలినా ఆ షరతు వాళ్ళకు రక్షణ ఇవ్వదు. 2022 ఫిబ్రవరి 1 నుంచి అమలులో ఉన్న ప్రాపర్టీ ప్రాక్టిషనర్స్ చట్టం ప్రకారం అమ్మేవాళ్ళు ఇంటి లోపాలు వెల్లడించే ఫారం నింపి సంతకం పెట్టాలి. మీ కాపీ తీసి, వైరింగ్ గురించి ఏం రాశారో చదవండి.

ఒక్క సంగతి మాత్రం గుర్తుంచుకోండి. సీఓసీ వైరింగు మీదే. స్టవ్ ప్లేటు వేడెక్కకపోయినా, గీజర్ ఎలిమెంటు కాలిపోయినా అది సర్టిఫికెట్ తప్పు కాదు.

ప్రశ్న: కేప్‌టౌన్‌లో ఇల్లు. ఎలక్ట్రిక్ ప్లేట్ల మీద వంట కుదరక గ్యాస్ స్టవ్ బిగించుకున్నాం, సిలిండర్లు బయట పెట్టి గొట్టం లోపలికి తెచ్చాం. కరువు ఏడాది బోరు వేసి ట్యాంకు పెట్టించాం, ఆ నీళ్ళే టాయిలెట్లకు. అమ్మేటప్పుడు వీటికీ సర్టిఫికెట్లు కావాలట, నిజమేనా?

జవాబు: నిజమే, రెండింటికీ కావాలి. మీ ఉత్తరంలో మమ్మల్ని కలవరపెట్టింది రెండోది, దాని దగ్గరకు వస్తాం.

గ్యాస్ సర్టిఫికెట్ 2009 నాటి ప్రెషర్ ఎక్విప్‌మెంట్ రెగ్యులేషన్స్ కింద వస్తుంది. ఇల్లు చేతులు మారే ప్రతిసారీ కొత్తగా తీసుకోవాలి. స్టవ్ బిగించినప్పుడు ఇచ్చిన కాగితం కొనేవాళ్ళకు బదిలీ కాదు. గ్యాస్ పనివాళ్ళను నమోదు చేసే సాక్ గ్యాస్ అనే సంస్థ దగ్గర నమోదైన వ్యక్తే ఇవ్వాలి. ఎలక్ట్రీషియన్ ఇచ్చేది పనికిరాదు. అటూ ఇటూ లాక్కెళ్ళగలిగే గ్యాస్ హీటర్, చిన్న సిలిండర్ మీద బిగించే క్యాంపు స్టవ్ లాంటివాటికి అక్కర్లేదు. గోడకో ప్లాట్‌ఫారానికో స్థిరంగా బిగించిన స్టవ్, గీజర్, ఫైర్‌ప్లేస్, బ్రాయ్ (మాంసం కాల్చుకునే పొయ్యి) ఉంటే కావాలి.

తనిఖీలో ముందు సిలిండర్ల చోటు చూస్తారు. తలుపు, కిటికీ, వెంటిలేటర్‌లకు కనీసం 1 మీటరు, డ్రెయిన్‌కు 2 మీటర్లు ఎడం ఉండాలి. ఎల్‌పీజీ గాలికన్నా బరువు. లీకైతే పైకి పోదు, నేలమీద పాకి పల్లానికి దిగి డ్రెయిన్‌లో కూర్చుంటుంది. చాలా ఇళ్ళలో వంటింటి గోడ బయట, సింకు నీళ్ళు పడే డ్రెయిన్ పక్కనే సిలిండర్లు నిలబెడతారు. అక్కడే ఫెయిల్. దానికి తోడు దగ్గర్లో బయటి ప్లగ్ పాయింటో లైటో ఉంటే అది కూడా అభ్యంతరమే. తర్వాత గొట్టం. గోడలోంచి వచ్చేచోట దానికి తొడుగు ఉండాలి. స్టవ్ ఉన్న గదిలోనే చేతికి అందేచోట గ్యాస్ కట్టేసే వాల్వ్ ఉండాలి. డ్రాయర్లు ఖాళీ చేసి, వెనక్కి వంగి వెతికితే తప్ప దొరకని వాల్వ్‌ను చాలామంది తనిఖీదారులు ఒప్పుకోరు, ఒప్పుకోకపోవడమే మంచిది. రబ్బరు గొట్టం 2 మీటర్లు మించకూడదు, గోడలోంచో అల్మరాలోంచో దూర్చకూడదు. సిలిండర్‌ను లోపలే పెట్టుకున్నవాళ్ళకు వేరే పరిమితి ఉంది: విడి ఇంట్లో 19 కిలోలు, ఫ్లాటులో 9 కిలోలు.

ఇక నీళ్ళు. కేప్‌టౌన్ నగరానికి 2010లో చేసిన వాటర్ బైలా, అంటే నగరపాలిక నీటి నిబంధన, ఉంది. ఇల్లు అమ్మేవాళ్ళు రిజిస్ట్రేషన్‌కు ముందే రిజిస్టర్డ్ ప్లంబర్ సర్టిఫికెట్‌ను నగరపాలికకు సమర్పించాలి. జోహన్నెస్‌బర్గ్ వాళ్ళు ఈ మాట విని కంగారుపడక్కర్లేదు, ఈ నియమం కేప్‌టౌన్‌ది. ప్లంబర్ చూసేవి: మీటరు సరిగ్గా తిరుగుతోందా, ఎక్కడా లీకు లేదా, వాననీళ్ళ గొట్టం మురుగు లైనులో కలిపారా, గీజర్ ప్రమాణాల ప్రకారం ఉందా, తాగే నీళ్ళ లైనుకూ మరే నీళ్ళకూ లంకె ఉందా.

మీ టాయిలెట్ల ఉత్తరానికి భయపడింది ఈ చివరిదాని గురించే. 2017, 2018ల్లో కుళాయిలు ఎండిపోతాయన్న రోజు దగ్గరపడుతుంటే నగరమంతా బోర్లు, ట్యాంకులు వేసింది. చాలాచోట్ల బోరు నీళ్ళు అయిపోతే మునిసిపల్ నీళ్ళు వచ్చేలా మధ్యలో ఒక మామూలు వాల్వు పెట్టి రెండు లైన్లూ కలిపేశారు. మునిసిపల్ లైనులో ఒత్తిడి పడిపోయినప్పుడు ఆ వాల్వు కొద్దిగా కారినా బోరు నీళ్ళు వెనక్కి పోయి తాగే లైనులో కలుస్తాయి. మీ ఇంటితో ఆగవు, పక్కింటికీ పోతాయి. పరిష్కారం పెద్దదేం కాదు: రెండు లైన్లూ పూర్తిగా విడదీయాలి. మునిసిపల్ నీళ్ళు తప్పనిసరైతే ట్యాంకులోకి పైనుంచి, గాలి ఖాళీ వదిలి పడేలా పెట్టాలి. అప్పుడు రెండూ ఎక్కడా గొట్టంలో కలవవు. బోరు నీళ్ళ కుళాయిల దగ్గర తాగరాదని బోర్డు పెట్టించండి.

ప్లంబర్ రాకముందే మీరు ఒక పరీక్ష చేసుకోవచ్చు. అన్ని కుళాయిలూ కట్టేసి మీటరు అంకె రాసుకుని అరగంట తర్వాత చూడండి. కదిలితే లీకుంది. సగం కేసుల్లో దొంగ టాయిలెట్ ట్యాంకే. వంటల్లో వాడే రంగు నాలుగు చుక్కలు ఆ ట్యాంకులో వేసి ఇరవై నిమిషాలు ఫ్లష్ చేయకుండా ఉంటే, రంగు బేసినులోకి దిగిందంటే లోపలి వాషర్ పోయినట్టు. గీజర్ దగ్గర కింద ట్రే ఉందా, ఆ ట్రేలోంచి గొట్టం ఇంటి బయటికి వచ్చిందా, చల్లనీళ్ళ వైపు, వేడినీళ్ళ వైపు వాక్యూమ్ బ్రేకర్లు (గొట్టంలో శూన్యం ఏర్పడకుండా గాలిని లోపలికి వదిలే వాల్వులు) ఉన్నాయా, సేఫ్టీ వాల్వు నుంచి వచ్చే గొట్టం లోహానిదేనా అని చూడండి. అక్కడ ప్లాస్టిక్ గొట్టం వేస్తే వాల్వు తెరుచుకున్న రోజున మరిగే నీళ్ళకు మెత్తబడి ముడుచుకుపోతుంది. దారి మూసుకుపోతే గీజర్ పేలుతుంది. సీలింగ్ పైనుంచి దూసుకొచ్చే గీజర్‌ను ఏ ఇటుకగోడా ఆపలేదు.

ప్రశ్న: డర్బన్‌లో అత్తగారి పాత ఇల్లు అమ్ముతున్నాం. కొనేవాళ్ళు బీటిల్ సర్టిఫికెట్ అడుగుతున్నారు. పురుగులకు కూడా సర్టిఫికెట్టా? చట్టంలో ఉందా?

జవాబు: చట్టంలో లేదు, ఆచారంలో ఉంది. తేమ ఎక్కువ ఉండే తీరప్రాంతాల్లో, ముఖ్యంగా క్వాజులు-నాటల్, వెస్టర్న్ కేప్‌లలో, అమ్మకపు ఒప్పందంలోనే ఈ షరతు అచ్చువేసి ఉంటుంది. సంతకం పెట్టాక అది మీ బాధ్యతే. కాబట్టి ఒప్పందం మీద సంతకానికి ముందే ఆ పేరా నిదానంగా చదవండి, మీకు మిగిలే డబ్బు దాని మీద ఆధారపడి ఉంటుంది. పురుగు కనిపిస్తే చికిత్స ఖర్చు ఎవరిది? దెబ్బతిన్న దూలాలు మార్చాల్సి వస్తే ఎవరిది? ఎంతవరకు? ఈ మూడింటికీ అందులో జవాబు లేకపోతే రాయించండి. గరిష్ఠ మొత్తం ఇంత అని ఒక అంకె పెట్టించుకోవడం ఇద్దరికీ మేలు.

తనిఖీకి రిజిస్టరైన పెస్ట్ కంట్రోల్ ఆపరేటర్ వస్తాడు. సీలింగ్ పైన దూలాలు, వాసాలు, చెక్క నేల, తలుపు చట్రాలు చూస్తాడు. టార్చిలైటు వాలుగా పట్టుకుంటే చెక్క మీద కోలగా, 6 నుంచి 10 మిల్లీమీటర్ల రంధ్రాలు, కింద మెత్తటి పొడి కనిపిస్తాయి. పైన్ చెక్కను తినే పెద్ద జాతి పురుగు లార్వా లోపల ఏళ్ళతరబడి తింటూ ఉంటుంది. పైన సన్నటి పొర మాత్రం వదిలేస్తుంది. అందుకే దూలం బయటికి నిక్షేపంగా ఉండి స్క్రూడ్రైవర్‌తో పొడిస్తే అప్పడంలా విరుగుతుంది. పాత రంధ్రాలున్నంత మాత్రాన బెంబేలు పడకండి, ఎప్పుడో చికిత్స జరిగిన ఇల్లయి ఉండొచ్చు. తాజా పొడి రాలుతోందా లేదా అన్నదే అసలు గుర్తు. తనిఖీకి వారం ముందు సీలింగ్ పైన తుడిచి ఒక పాత దుప్పటి పరవండి, దాని మీద పొడి పడితే పురుగు బతికున్నట్టే.

ఈ సర్టిఫికెట్ కంటికి అందే చెక్కకే వర్తిస్తుంది. సాధారణంగా మూడు నుంచి ఆరు నెలలకే చెల్లుతుంది కాబట్టి మరీ ముందుగా తీసుకుని డబ్బు వృథా చేసుకోకండి. ఫ్లాట్లకు సాధారణంగా అడగరు.

ప్రశ్న: ప్రిటోరియాలో మాది కాంప్లెక్సు ఇల్లు, చుట్టూ కరెంటు కంచె ఉంది. మా అన్నయ్యది విడి ఇల్లు, అక్కడా కంచె ఉంది. ఇద్దరం అమ్ముతున్నాం. కంచె సర్టిఫికెట్ ఇద్దరికీ కావాలా?

జవాబు: మీ కాంప్లెక్సు కంచె మొత్తానికి బాధ్యత బాడీ కార్పొరేట్‌ది, అంటే ఇళ్ళ యజమానుల సంఘానిది. మేనేజింగ్ ఏజెంటు దగ్గర దాని సర్టిఫికెట్ కాపీ తీసుకుంటే మీకు చాలు. మీ ఇంటికి మాత్రమే చెందిన గోడ మీద సొంతంగా కంచె వేయించి ఉంటే మళ్ళీ వేరే సంగతి.

అన్నయ్యగారికి కావాలి. 2012 అక్టోబరు 1 నుంచి కరెంటు కంచె ఉన్న ఇల్లు చేతులు మారితే దానికి విడిగా సర్టిఫికెట్ ఉండి తీరాలి. ఎలక్ట్రికల్ సీఓసీలో ఇది కలిసిరాదు, ఇచ్చేవాడు కూడా కంచెల ఇన్‌స్టాలర్‌గా విడిగా నమోదై ఉండాలి. అది ఇదివరకే ఉండి, కంచెలో మార్పులు చేయకపోతే కొత్త యజమానికి బదిలీ అవుతుంది. ఎక్కువగా ఫెయిలయ్యేది పసుపు హెచ్చరిక బోర్డుల దగ్గర: ఎండకు వెలిసిపోతాయి, రాలిపోతాయి. పట్టణాల్లో 10 మీటర్లకు ఒకటి, ప్రతి గేటు దగ్గర, కంచె మలుపు తిరిగే ప్రతిచోటా ఉండాలి. కరెంటు పారే అట్టడుగు తీగ నేలకు 1.5 మీటర్ల కన్నా దిగువన ఉండకూడదు. గోడ పక్కన మట్టి పోసి పూలమొక్కలు పెంచినచోట ఈ ఎత్తు తగ్గిపోతుంది, పిల్లల చెయ్యి అందుతుంది. బ్రాకెట్లు పక్కింటివైపు వంగి ఉంటే వాళ్ళ అనుమతి కావాలి.

ప్రశ్న: ఈత కొలనుకు కూడా సర్టిఫికెట్ ఉందా?

జవాబు: దేశమంతటికీ వర్తించే సర్టిఫికెట్ లేదు. కానీ కొలను చుట్టూ కనీసం 1.2 మీటర్ల ఎత్తున అడ్డుగోడో కంచెనో, దానంతట అదే మూసుకుని గడియపడే గేటు ఉండాలని భవన నిర్మాణ నియమాలున్నాయి. గేటు స్ప్రింగు అరిగిపోయి సగంలో ఆగిపోతే ఈరోజే మార్పించండి. అమ్మకం వరకూ ఆగే పని కాదిది. ఇల్లు చూడటానికి వచ్చేవాళ్ళు పిల్లల్ని వెంటబెట్టుకునే వస్తారు.

ప్రశ్న: ఈ ఖర్చులన్నీ అమ్మేవాళ్ళవేనా? ఏది ముందు, ఏది వెనక?

జవాబు: ఎవరు చెల్లించాలన్నది ఒప్పందాన్ని బట్టి. ఎక్కువగా అమ్మేవాళ్ళే పెట్టుకుంటారు. కొనేవాళ్ళు భరిస్తామని రాసుకోవచ్చు. కానీ సర్టిఫికెట్ లేకుండా కానిచ్చేద్దామని ఇద్దరూ రాసుకున్నా అది కుదరదు.

వరుస మాత్రం పాటించండి. పురుగుల తనిఖీ, ప్లంబరు, కంచె, గ్యాస్ ముందు. ఎలక్ట్రీషియన్ అందరికన్నా చివర. ప్లంబరు గీజర్ మార్చాడంటే కరెంటు కనెక్షన్ కదిలినట్టే, అప్పటికే తీసుకున్న సీఓసీ మీద మళ్ళీ అనుబంధ కాగితం, మళ్ళీ ఫీజు. ఇంటిని అమ్మకానికి పెట్టిన వారంలోనే తనిఖీలు మొదలుపెడితే లోపాలకు రెండుమూడు కొటేషన్లు తీసుకునే వ్యవధి ఉంటుంది. లాయరు ఫోన్ చేసి రేపటికి కాగితం కావాలన్నాక ఎవరు ఎంతంటే అంత ఇచ్చుకోవాలి.

ప్రశ్న: మేం విజయవాడ వచ్చేసి ఆర్నెల్లయింది. జోహన్నెస్‌బర్గ్ ఇల్లు తాళం వేసి ఉంది, ఇప్పుడు బేరం వచ్చింది. ఇక్కడినుంచే అంతా కానివ్వొచ్చా?

జవాబు: కానివ్వొచ్చు. అమ్మకం పత్రాల మీద మీ తరఫున సంతకానికి పవర్ ఆఫ్ అటార్నీని ఇక్కడ నోటరీ చేయించి అపోస్టిల్ (విదేశంలో చెల్లేలా వేసే ప్రభుత్వ ధ్రువీకరణ ముద్ర) వేయించి పంపాలి, నమూనా మీ కన్వేయన్సర్‌నే, అంటే రిజిస్ట్రేషన్ చూసే లాయరునే, పంపమనండి. ధర 20 లక్షల ర్యాండ్లు దాటి, పన్ను లెక్కల్లో మీరు అక్కడి నివాసి కానివారైతే కొనేవాళ్ళు కొంత మొత్తం పట్టుకుని పన్ను శాఖకు కట్టాల్సి ఉంటుంది. అది కూడా లాయరుతో ముందే మాట్లాడుకోండి.

సర్టిఫికెట్ల విషయంలో మీకు వచ్చే అసలు ఇబ్బంది వేరు. ఇంట్లో కరెంటు లేకపోతే ఎలక్ట్రీషియన్ ఎర్త్ లీకేజ్, లూప్, పొలారిటీ పరీక్షలు చేయలేడు. ప్రీపెయిడ్ మీటరైతే యూనిట్లు అయిపోయి ఉంటాయి, తనిఖీ ముందురోజు ఆన్‌లైన్‌లో కొని, ఆ టోకెన్ నంబరు తాళంచెవి ఉన్నవాళ్ళకు పంపి మీటరులో కొట్టించండి. బిల్లు కనెక్షన్ అయితే అమ్మకం పూర్తయ్యేదాకా ఖాతా మూయకండి. నీళ్ళ మెయిన్ వాల్వు కట్టేసి వచ్చుంటే దాన్ని తెరిచి గీజర్ నిండాకే దాని స్విచ్చు వేయమని చెప్పండి. ఖాళీ గీజర్‌కు కరెంటు ఇస్తే ఎలిమెంటు మాడిపోతుంది. పరీక్ష రోజున ఎలక్ట్రీషియన్‌ను వీడియో కాల్‌లో డీబీ మూత తీసి చూపించమనండి, రిపోర్టులోని ప్రతి పేజీ ఫొటో అదే రోజు పంపించుకోండి.